పావురాల సారు

శశికిరణ్‌కి పావురాలంటే భయం. ముప్ఫై మూడేళ్ళ వయసు దాకా ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, అతనికీ, అతని భార్య అలేఖ్యకీ. అలేఖ్యకైనా అతను చెప్పగా తెలియలేదు. పెళ్ళయిన రెండో నెలలో, బాల్కనీలో ఆరేసిన తువ్వాలు తీసుకురమ్మంటే, అతను తలుపు తియ్యకుండానే వెనక్కి వచ్చి "ఇంకా తడిగా ఉంది" అన్నాడు. అద్దంలోంచి చూసి తడి ఎలా తెలుసుకున్నావని ఆమె అడిగింది. బయట పిట్టగోడ మీద రెండు పావురాలు మెడలు తిప్పుతూ కూర్చుని ఉన్నాయి. ఆమె అతని ముఖం చూసింది, పావురాలను చూసింది, మళ్ళీ అతని ముఖం చూసింది. మర్నాడే వల కట్టేవాణ్ణి పిలిపించింది.

మామూలు మనిషి పావురాలకు భయపడితే ఎవరికీ పట్టదు. ఇతను క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. మనుషుల ఆందోళన, దాన్ని వాళ్ళు తట్టుకునే తీరు, బిహేవియర్ థెరపీతో దాన్ని తగ్గించడం అతని అంశం. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఒక ట్రస్టు నడిపే చిన్న క్లినిక్ ఉంది. అందులో రెండో అంతస్తులో అతనికో గది ఇచ్చారు. లిఫ్టులంటే, సూదులంటే, కుక్కలంటే హడలిపోయేవాళ్ళు అక్కడికి వస్తారు. వాళ్ళ భయాన్ని వాళ్ళ చేతే మెట్లు మెట్లుగా రాయించి, కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కించడం అతని పని. కుక్కంటే భయమైతే కుక్క ఫొటో చూడ్డం మొదటి మెట్టు, కుక్క పక్కన కూర్చుని పావుగంట ఉండడం చివరి మెట్టు. ప్రతి మెట్టు దగ్గరా సున్నా నుంచి వందలోపు భయం ఎంతుందో ఒక అంకె చెప్పించి రాసుకుంటాడు.

"పారిపోకుండా నిలబడితే అంకె దానంతట అదే దిగుతుంది. పారిపోతే ఆ పూటకి హాయిగా ఉంటుంది, కానీ భయం ఇంకాస్త బలుస్తుంది." ఈ మాట అతను రోజుకు నాలుగుసార్లయినా చెప్తాడు. బల్ల మీద ముందుకు వంగి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ చాలా బాగా చెప్తాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు దారిలో పావురం కనిపిస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడు.

అతని ఇల్లు అబిడ్స్ వెనక బొగ్గులకుంటలో. నాంపల్లికి స్టేషన్ రోడ్డు మీదుగా పోతాడు, మోజంజాహి మార్కెట్ చౌరస్తా వైపు మాత్రం పోడు. అక్కడ గింజలు చల్లేవాళ్ళ కాళ్ళ దగ్గర వందల పావురాలుంటాయి. గౌలిగూడలో పనిబడితే కోఠి అంతా చుట్టి వెళ్తాడు. చేతిలో ఏడాది పొడుగునా గొడుగుంటుంది. ఎవరైనా అడిగితే ఎండకు తలనొప్పి వస్తుందంటాడు. మబ్బు పట్టిన రోజు అడిగితే, వాన వచ్చేలా ఉందంటాడు. తన పేషెంట్లు ఇలాంటి ఊతాలు తెచ్చుకుంటే మాత్రం ఇట్టే పట్టుకుంటాడు. కుక్కల భయం ఉన్నాయన జేబులో బిస్కట్లు పెట్టుకుని వస్తే, "ఇదిగో, ఇదే మిమ్మల్ని బాగుపడనివ్వడం లేదు" అని ఆ పొట్లం లాగేసుకున్నాడు. అప్పుడు గొడుగు అతని కుర్చీకే తగిలించి ఉంది.

పరిశోధన మొదట్లో అతను పెద్ద తెలివితేటలే చూపించాడు. అధ్యయనంలోకి ఎవరిని తీసుకోకూడదో రాసే చోట "పక్షులకు సంబంధించిన భయాలు గలవారు" అని చేర్చి, పక్షుల లభ్యత ఋతువులను బట్టి మారుతుంది గనుక పోలిక కుదరదని కారణం రాశాడు. గైడు స్వర్ణ మేడమ్ ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"హైదరాబాద్‌లో పావురాలకి సీజన్ ఉంటుందా, శశికిరణ్?"

"నేను పావురాలని అనలేదు మేడమ్. పక్షులన్నాను."

"ఓహో," అని ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టేసింది.

అధ్యయనానికి ముప్ఫై మంది కావాలి. మూడేళ్ళలో ఇరవై తొమ్మిది మంది అయ్యారు. ఒక్క పక్షి భయమూ రాలేదు. ముప్ఫయ్యో మనిషి జనవరి నెలలో ఒక మంగళవారం వచ్చింది.

ఆమె పేరు అనసూయ. యాభై ఏడేళ్ళుంటాయి. గంజి పెట్టిన నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం. గౌలిగూడలో ఒక సర్కారు బడిలో లెక్కల టీచరు. కుర్చీలో కూర్చోగానే గదిని ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి చూసింది, పరీక్ష హాల్లోకి వచ్చిన ఇన్విజిలేటర్‌లాగా.

"నాకు ప్రమోషన్ వచ్చింది సారూ. గీ నాంపల్లిలనే హెడ్‌మిస్ట్రెస్‌గ ఏసిన్రు. ఫిబ్రవరి పదో తారీఖు జాయిన్ కావాలె."

"చాలా సంతోషం మేడమ్."

"ఏం సంతోషం! నేను పోయి చూసొచ్చిన. నిజాం కాలం నాటి బంగళా. నడిమిట్ల పెద్ద ఆవరణ. పొద్దుగాల ప్రార్థన గాడనే. చుట్టూత వరండాలల్ల..." ఆమె గొంతు తగ్గించింది. "కబూతర్లు సారూ. ఒకటి గాదు, రెండు గాదు."

శశికిరణ్ చేతిలోని పెన్ను కాగితం మీద ఎక్కడుందో అక్కడే ఆగింది.

ఏడేళ్ళప్పుడు సుల్తాన్ బజార్‌లో, పక్కింటివాళ్ళు మిద్దె మీద పావురాలు పెంచేవాళ్ళట. దాగుడుమూతలాడుతూ ఆమె ఆ గూట్లో దూరింది. బయటినుంచి ఎవరో గొళ్ళెం పెట్టి పోయారు. మధ్యాహ్నమంతా ఆ చీకట్లో, ముఖం మీద రెక్కలు కొట్టుకుంటుంటే, గొంతు పోయేదాకా అరిచింది. యాభై ఏళ్ళుగా ఈ సంగతి పుట్టింట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

"నేను బడిల నడుస్తుంటే పిల్లలు పక్కకు జరుగుతరు. గసుంటిదాన్ని మూడు వందల మంది ముంగట మైకు ఇడిచిపెట్టి ఉరికితే ఎట్లుంటది? ప్రమోషన్ వద్దని రాసిద్దామనుకున్న. గానీ ముప్పైనాలుగేండ్లు చేసిన సారూ. ఓ కబూతరం కోసం ఇడిచిపెడుదునా?"

ఆమెను ఇంకొకరి దగ్గరికి పంపించాలి. అది అతనికి ఆ క్షణంలోనే తెలుసు. చెయ్యవలసిందల్లా తలుపు తీసి, పక్క గదిలోని సైకాలజిస్టును పిలవడం. కానీ ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? పైగా ముప్ఫయ్యో మనిషి. ఇంకో మనిషి కోసం ఎన్ని నెలలు చూడాలో. "తప్పకుండా తగ్గుతుంది మేడమ్," అన్నాడు, ముందుకు వంగి, ఆమె కళ్ళలోకి చూస్తూ. ఆ మాట అంత బాగా అతను ఎన్నడూ చెప్పలేదు.

మొదటి మెట్టు ఫొటోలు. లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పి తను వెనక కూర్చున్నాడు, తెర తనకు కనిపించకుండా. "పేషెంటు చూపుకు అడ్డు రాకుండా" అని నోట్సులో రాసుకున్నాడు. రెండో మెట్టు వీడియో. రెక్కల చప్పుడు ఆమెకు మొదట్లోనే ఎక్కువవుతుందని శబ్దం తీసేశాడు. ఆమె డెబ్భై అని చెప్పింది, తర్వాత అరవై, చివరికి నలభై. కొంగు తల మీదికి లాక్కుంటుంటే, అది ఊతమని, మానుకోవాలని మెత్తగా చెప్పాడు. ఆమె కొంగు దించింది. దించి, కుర్చీకి తగిలించిన గొడుగు వైపు చూసింది.

"ఎండలేదు గద సారూ?"

"తలనొప్పండీ."

మూడో మెట్టు ఈక. దాన్ని సంపాదించడం అలేఖ్య పని అయింది. ఆమె కింది వాటాలోంచి ఒక బూడిదరంగు ఈక తెచ్చి, పాత కళ్ళజోడు డబ్బాలో పెట్టి ఇస్తూ, "డాక్టర్ గారూ, ఇది కరవదు," అంది. మర్నాడు క్లినిక్‌లో ఆ డబ్బా తెరిచి బల్ల మీద పెట్టారు. అనసూయ ఇరవై నిమిషాలు దానివంకే చూసి, చెమటలు పట్టి, చివరికి చూపుడువేలుతో ముట్టుకుంది. తర్వాత డబ్బాను అతని వైపు జరిపింది.

"మీరొకపారి పట్టుకొని చూపియ్యుండ్రి సారూ. నేను బోర్డు మీద లెక్క చేసి చూపిచ్చినంకనే పిల్లలకిస్త."

న్యాయమైన మాట. పుస్తకాల్లో కూడా అలాగే ఉంది, చికిత్స చేసేవాడు ముందు తను చేసి చూపించాలని. శశికిరణ్ పెన్ను మూతతో ఈకను ఇటునుంచి అటు జరిపి, "చూశారా, ఏమీ లేదు," అన్నాడు. ఆమె ఆ పెన్ను మూతను చాలాసేపు చూసింది.

జాయినింగ్‌కి పది రోజులుందనగా, ఆదివారం పొద్దున ఏడింటికి మోజంజాహి మార్కెట్ దగ్గర కలవాలనుకున్నారు. రాత్రంతా శశికిరణ్ లెక్కలు వేసుకున్నాడు. వంద అడుగుల దూరంలో ఆపేస్తాను, అంకెలు రాసుకుంటాను, ఈ రోజుకు చాలంటాను. పొద్దున గొడుగు తీసుకుని బయల్దేరాడు. అనసూయ అప్పటికే అబిడ్స్ వైపు మూలన నిలబడి ఉంది, చేతులు రెండూ గట్టిగా కట్టుకుని.

"ఎంతుంది మేడమ్?"

"డెబ్భై అయిదు. నడుస్తం పదండి."

వంద అడుగుల దగ్గర అతను ఆగుదామన్నాడు. ఆమె ఆగలేదు. ఆలస్యంగా మొదలైన ధైర్యం మధ్యలో ఆగదు కాబోలు. రాతి గోపురం కింద ఒకావిడ గిన్నెల్లో జొన్నలు అమ్ముతోంది, ఎవరో దోసిళ్ళతో చల్లుతున్నారు. నేలంతా బూడిదరంగులో కదులుతోంది. ఇరవై అడుగుల దూరంలో ఉండగా, ఒక ఆటోవాడు ఏ కారణమూ లేకుండా హారన్ మోగించాడు.

నేల మొత్తం ఒక్కసారి పైకి లేచింది.

తర్వాత ఏం జరిగిందో శశికిరణ్‌కి వరసగా గుర్తులేదు. రెక్కల గాలి చెంపకు తగలడం గుర్తుంది. ఎవరో కేక పెట్టడం గుర్తుంది, ఆ కేక తనదేనని కాసేపటికి తెలిసింది. కళ్ళు తెరిచేసరికి అతను అనసూయ వెనక గొంతుక్కూర్చుని, ఆమె కొంగు రెండు చేతులతో పట్టుకుని తల మీద కప్పుకుని ఉన్నాడు. గొడుగు రోడ్డు మధ్యదాకా దొర్లిపోయింది. జొన్నలావిడ నోరు తెరిచి చూస్తోంది. అనసూయ మాత్రం కదల్లేదు. ఒక చెయ్యి వెనక్కి చాచి అతని తల మీద పెట్టి, ఎదురుగా నిటారుగా నిలబడి ఉంది. పావురాలు ఆమె మీదనుంచి తిరిగి, గోపురం చుట్టూ ఒక చుట్టు చుట్టి, మళ్ళీ గింజల దగ్గరికే వచ్చి వాలాయి.

"పొయినయి. లే బిడ్డా," అంది.

ఆమె అతణ్ణి చెయ్యి పట్టుకుని ఒక హోటల్ ముందు బెంచీ దాకా నడిపించింది. రెండు చాయ్‌లు చెప్పింది.

"ఎన్నేండ్ల సంది?"

"చిన్నప్పటి నుంచి."

"ఏమైంది నీకు? గూట్లె చిక్కినవా?"

"లేదండీ." అతనికి ఆ క్షణాన ఒక గూడు, ఒక గొళ్ళెం, కనీసం ఒక ముక్కు పోటు ఉంటే బాగుండేదనిపించింది. "ఏమీ జరగలేదు. ఊరికే భయం."

అనసూయ ముందు నవ్వింది. పెన్ను మూత గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది. చాయ్ సగం తాగేసరికి నవ్వు పోయింది.

"నేను క్లాసుల ఎవడు కాపీ కొడుతున్నడో ముఖం జూసి చెప్త. నీ మీద అనుమానం వచ్చింది. గానీ డాక్టర్ గద, నాదే తప్పనుకున్న. నా పెనిమిటికి చెప్పని ముచ్చట గూడ నీకు చెప్పిన. నువ్వేమో నా భయానికి అంకెలేసుకుంట కూసున్నవు. నీ అంకె ఒక్కనాడన్న చెప్పినవా?"

"లేదు టీచర్ గారూ." అతనికే తెలియకుండా మేడమ్ పోయి టీచర్ వచ్చింది.

"ఆ అంకెల కాగితాలు నువ్వే పెట్టుకో," అని లేచి, వెనక్కి చూడకుండా కోఠి వైపు నడిచిపోయింది.

ఇంటికి వచ్చి అతను అలేఖ్యకి అంతా చెప్పాడు. కొంగు దగ్గరికొచ్చేసరికి ఆమె నవ్వాపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చి, నవ్వు లేకుండా, "ఆవిడకి చాలా కష్టమనిపించి ఉంటుంది శశీ. స్వర్ణ మేడమ్‌కి చెప్పు," అంది.

చెప్పాలి. సోమవారం మేడమ్ బిజీగా ఉంటుందని వెళ్ళలేదు. మంగళవారం, చికిత్సకుల భయాల గురించి ఎవరైనా రాశారేమోనని పదకొండు వ్యాసాలు దించుకున్నాడు, రెండు చదివాడు. రికార్డులో అనసూయ పేరు ఎదుట "మధ్యలో మానేశారు" అని రాస్తే ఏ గొడవా ఉండదని కూడా అనిపించింది. రాశాడు. అరగంట దాని ఎదుట కూర్చుని కొట్టేశాడు. బుధవారం పొద్దున అలేఖ్య కాఫీతో పాటు ఒక కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది.

"అందరి చేతా మెట్లు రాయిస్తావుగా. మేడమ్ గదికి కూడా రాసుకో."

కోపం వచ్చింది, కానీ రాశాడు. మొదటి మెట్టు చొక్కా వేసుకోవడం. రెండోది బస్సెక్కడం. మూడోది డిపార్టుమెంటు కారిడార్. నాలుగోది తలుపు తట్టడం. తలుపు దగ్గర అతని అంకె ఎనభై అయిదు. పావురాలు ఎగిరినప్పటికంటే కాస్తే తక్కువ.

స్వర్ణ మేడమ్ అడ్డు తగలకుండా వింది.

"నాకు ఆ ఋతువుల వాక్యం చూసిన రోజే అనుమానం," అంది చివరికి. "నువ్వే చెప్తావని చూశాను. అది నా పొరపాటు. తప్పించుకోవడం మీద నేను ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, నిన్ను అడగడం మాత్రం తప్పించుకున్నాను."

"మేడమ్, నా థీసిస్..."

"ముందు మనిషి, తర్వాత థీసిస్. ఆవిడ అంకెలు అధ్యయనంలోంచి తీసేద్దాం. ఏం జరిగిందో దాచకుండా ఒక పేజీ రాయి. నీకు భయం ఉండటం తప్పు కాదు, అది పెట్టుకుని ఆవిడని గదిలో కూర్చోబెట్టడం తప్పు. ఆవిడకి క్షమాపణ నేనూ చెప్తాను, ఇంకో థెరపిస్టుని ఏర్పాటు చేస్తాను. నీక్కూడా ఒకరిని చూస్తాను."

ఆమె అతని ముందే ఫోన్ చేసింది. అనసూయ అంతా విని, ఆలోచించి చెప్తానందట. మర్నాడు సాయంత్రం శశికిరణ్ ఫోన్ మోగింది.

"నేను అనసూయను. మీ మేడమ్ ఇంకో డాక్టర్ను చూపిస్తనంది. చూయించుకుంట. గానీ ఒక మాట చెప్పు. ఆదివారం నాడు నేనెట్ల ఉరకకుండ నిలబడ్డ?"

అతను ఆలోచించాడు. నాలుగు సిద్ధాంతాలు నోటిదాకా వచ్చాయి. "తెలియదు టీచర్ గారూ," అన్నాడు.

"నాకు తెలుసు. నా ఎనకల నాకంటె ఎక్కువ భయపడ్డోడున్నడు. పిల్లగాడు ఏడుస్తుంటే టీచర్ ఉరుకుతదా? రేపు పొద్దుగాల ఏడింటికి గాడికే రా. డాక్టర్ లెక్క గాదు. నువ్వు నీ అంకె చెప్పు, నేను నాది చెప్త. గొడుగు తేకు."

స్వర్ణ మేడమ్‌ని అడిగితే, "వెళ్ళు, కానీ నోటుబుక్కు పట్టుకెళ్ళకు," అంది.

శుక్రవారం నుంచి మంగళవారం దాకా అయిదు పొద్దులు వాళ్ళిద్దరూ మోజంజాహి మార్కెట్ దగ్గర నిలబడ్డారు. వట్టి చేతులతో నడవడం శశికిరణ్‌కి బట్టల్లేకుండా నడిచినట్టుంది. మొదటిరోజు యాభై అడుగుల దగ్గర అనసూయ అరవై అంది, అతను డెబ్భై అన్నాడు.

"అబద్ధం. నీ చెవులు ఎర్రగైనయి. సరిగ్గ చెప్పు."

"తొంభై రెండు."

"ఔ. అట్ల చెప్పు."

మూడేళ్ళుగా అతను ఎందరి చేతో అంకెలు చెప్పించాడు. ఆ అంకె నోటితో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెద్ద అంకె చెప్తే పరువు పోతుంది, చిన్నది చెప్తే ఇంకో అడుగు ముందుకు వెయ్యాల్సి వస్తుంది. తన ఇరవై తొమ్మిది మందిలో ఎంతమంది తన ముఖం చూసి, తనకు నచ్చే అంకె చెప్పారోనని దిగులు మొదలైంది. బిస్కట్ల పొట్లం లాక్కున్నాయనకి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగాడు. "ఇప్పుడు కుడి జేబులో గాక ఎడమ జేబులో పెట్టుకుంటున్న సార్," అన్నాడాయన నిజాయితీగా.

రెండో రోజు శశికిరణ్ ముప్ఫై అడుగుల దగ్గర నిలబడి, మూడో రోజు నలభైకి వెనకడుగు వేశాడు. నాలుగో రోజు అనసూయ ఒక గిన్నె జొన్నలు కొని అతని దోసిట్లో పోసింది. అతను వాటిని చల్లలేదు, చేతిలోంచి జారిపోనిచ్చాడు. సరిగ్గా తన బూట్ల మీద. పావురాలు వచ్చి బూట్ల చుట్టూ మూగాయి. అతను కళ్ళు మూసుకుని సర్కారు నల్లా పైపులా వణికాడు. పారిపోలేదు. కాళ్ళు పనిచెయ్యక పారిపోలేదని అలేఖ్యతో చెప్పాడు గానీ, ఆమె అది లెక్కలోకి తీసుకోలేదు. ఆ పూట అతని అంకె తొంభై నుంచి అరవై ఎనిమిదికి దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. అనసూయది అయిదో రోజుకు నలభైకి వచ్చింది. ఆమె తన కొత్త డాక్టరు దగ్గరికి కూడా రెండుసార్లు వెళ్ళి, వీడియోలో రెక్కల చప్పుడు పూర్తిగా విన్నది.

పదో తారీఖున ఆమె రమ్మంటే శశికిరణ్ బడికి వెళ్ళాడు. గేటు లోపల ఆవరణలో మూడు వందల మంది పిల్లలు వరసల్లో ఉన్నారు. వరండాల పైన వాసాల మీద, కిటికీల మీద, జెండా గద్దె చుట్టూ పావురాలు. అతను గేటు పక్కనే ఆగిపోయాడు. అనసూయ మైకు ముందుకు వచ్చింది. ప్రార్థన అయింది. ప్రతిజ్ఞ మొదలుపెట్టబోతుండగా, ఒక పావురం వరండా మీదనుంచి జారినట్టు దిగి గద్దె అంచున, ఆమె చెప్పులకు జానెడు దూరంలో వాలింది.

ఆమె ఆగిపోయింది. మైకులో ఊపిరి చప్పుడు వినిపించింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శశికిరణ్‌కి తెలుసు, ఆ ఊపిరి ఎనభై అంకెది.

"పిల్లలూ," అంది అనసూయ. "నాకు కబూతరాలంటే భయం."

పిల్లలు తలలెత్తి ఆమె వైపు చూశారు.

"చిన్నప్పటి సంది భయం. ఇప్పుడు గూడ నా కాళ్ళు వణుకుతున్నయి. గీ ముచ్చట దాస్తె పెద్దగైతది, అందుకే చెప్తున్న. నేను ఈడికెంచి పోను. అది పోతె పోనీ, ఉంటె ఉండనీ. మనం ప్రతిజ్ఞ చెప్పుకుందం." గేటు వైపు చెయ్యి చూపించింది. "అగో, గాడ నిలబడ్డ సారుకు నాకంటె ఎక్కువ భయం. ఆయన భయాల డాక్టరు."

మూడు వందల తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. తర్వాత నవ్వు లేచింది, ముందు వరసనుంచి వెనక వరసదాకా. ముప్ఫై మూడేళ్ళుగా శశికిరణ్ ఏ క్షణం రాకూడదని గొడుగులు మోశాడో, సందులు తిరిగాడో, ఋతువుల మీద వాక్యాలు రాశాడో, ఆ క్షణం వచ్చేసింది. చేతులేం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టాడు. పిల్లలు ఇంకా నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది. ఇంత చిన్నదానికా అనిపించి, వెంటనే కళ్ళు చెమర్చాయి. ఈ నవ్వులో పావురం తనంతట తనే ఎగిరిపోయింది, ఎవరూ చూడలేదు. ప్రతిజ్ఞ మొదలైంది. అనసూయ గొంతు మొదటి రెండు మాటలు వణికి తర్వాత లెక్కల టీచరు గొంతయింది. ఆ పూట నుంచే అతను ఆ బడిలో పావురాల సారు అయిపోయాడు.

ప్రార్థన అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ గదిలో చాయ్ ఇచ్చారు. అనసూయ రిజిస్టర్లో సంతకం పెట్టడానికి ఆఫీసులోకి వెళ్ళింది. అతను ఒక్కడే ఉండగా తలుపు తోసుకుని ఆరడుగుల మనిషి లోపలికి వచ్చాడు. మెడలో విజిల్, ట్రాక్ ప్యాంటు. కొద్దిసేపటి క్రితం ఆ మనిషి ఒక్క అరుపుకి మూడు వందల మంది వరసల్లో తరగతులకు వెళ్ళిపోయారు. ఆటల మాస్టారు విజయేందర్. వరండాలో ఎవరూ లేరని చూసుకుని తలుపు దగ్గరికి వేశాడు.

"సార్, జర ఒక ముచ్చట. ఎవరికీ చెప్పరు గద?"

"చెప్పను."

"నెలకొకపారి మా నాయినను దవాఖానకు తీస్కపోవాలె. రక్తం పరీక్ష చేపియ్యాలె. సూది కనవడంగనే నేను... ఆయన కంటె ముందుగాల నేను కింద పడుత సార్. పోయిన నెల ఆయననే నాకు నీళ్ళు చల్లి లేపిండు. డెబ్భైఎనిమిదేండ్లు ఆయనకు." విజయేందర్ ముఖం ఎర్రబడింది. "నవ్వకుండ్రి సార్."

"ఇందాక నన్ను చూసి మూడు వందల మంది నవ్వారు మాస్టారూ. నాకు నవ్వే అర్హత లేదు." శశికిరణ్ లేచి ఎదుటి కుర్చీ ముందుకు లాగాడు. ఏదైనా చెప్పేముందు తనను తాను ఒకసారి అడిగి చూసుకున్నాడు, సూదులంటే నాకెలా ఉంటుందని. పరవాలేదనే జవాబొచ్చింది. అయినా స్వర్ణ మేడమ్‌ని అడగకుండా మాటివ్వకూడదనుకున్నాడు.

"కూర్చోండి. మీ నాన్నగారిని మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్ళాలి?"

"ఇరవై రెండో తారీఖు," అన్నాడు విజయేందర్, కుర్చీ అంచున కూర్చుంటూ.